రీఫ్ ట్యాంకులో కాల్షియం రియాక్టర్: అమర్చడం, నిలకడగా నడపడం ఎలా?

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు; ఆ పగడాలు వాడుకునే కాల్షియాన్ని, అల్కలినిటీని (నీటిలోని బైకార్బొనేట్, కార్బొనేట్‌ల నిల్వను) తిరిగి నీటికి అందించే పరికరమే కాల్షియం రియాక్టర్. దాన్ని కొన్నవారిలో చాలామంది మొదటి రెండు నెలలూ దానితో కుస్తీ పడతారు. అల్కలినిటీ పడిపోయిందని ఒకరోజు గ్యాసు పెంచుతారు, మర్నాడు అది మరీ ఎక్కువైందని నీటిధార తగ్గిస్తారు, మూడో రోజు రెండూ కలిపి తిప్పేసి, ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేని స్థితికి చేరుకుంటారు. నిజానికి మన చేతిలో ఉన్న మీటలు రెండే: లోపలికి వెళ్లే కార్బన్ డయాక్సైడ్ ఒకటి, రియాక్టర్ గుండా పారే నీరు మరొకటి. ఒకదాన్ని బిగించి ఉంచి, రెండోదాన్ని మాత్రమే, అదీ కొలత చేతికి వచ్చాకే కదిలిస్తే, ఈ పరికరం నెలల తరబడి మన చేయి పడకుండానే పనిచేస్తుంది.

అసలు ఇది అందరికీ అవసరం లేదు. మెత్తని పగడాలు, కొద్దిపాటి ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌లు గల గట్టి) పగడాలు ఉన్న చిన్న ట్యాంకుకు వారం వారం నీరు మార్చడం, లేదా రెండు సీసాల ద్రావణాన్ని డోసింగ్ పంపుతో అందించడం సరిపోతుంది. అక్రోపోరా, మాంటిపోరా వంటి ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌లు గల గట్టి) పగడాలు నిండి, అల్కలినిటీ రోజుకు ఒక డీకేహెచ్ (అల్కలినిటీని కొలిచే ప్రమాణం) వరకూ, లేదా అంతకు మించి పడిపోతున్న పెద్ద ట్యాంకులోనే రియాక్టర్‌కు పెట్టిన ఖర్చుకు, పడిన శ్రమకు తగిన ఫలితం కనిపిస్తుంది.

లోపల జరిగేదేమిటి?

రియాక్టర్ అంటే అరగోనైట్ ముక్కలు నింపిన మూతబిగింపు గొట్టం. అరగోనైట్ అంటే పగడాల అస్థిపంజరమే. కాల్షియం కార్బొనేట్‌కు అదొక స్ఫటిక రూపం. పీహెచ్ 8 దాటిన ట్యాంకు నీటిలో ఈ ముక్కలు ఏళ్ల తరబడి పడి ఉన్నా కరగవు, ఎందుకంటే ఆ నీటిలో కాల్షియం కార్బొనేట్ అప్పటికే కరగగలిగిన హద్దును మించి ఉంటుంది. అదే నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలి పీహెచ్‌ను 7 కంటే బాగా దిగువకు తెస్తే ముక్కలు కరిగి, కాల్షియం, బైకార్బొనేట్ నీటిలో చేరతాయి. ఇలా బలపడి బయటికొచ్చే నీటినే ఎఫ్లుయెంట్ అంటారు. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేటప్పుడు ఏ పాళ్లలో కాల్షియాన్ని, అల్కలినిటీని తీసుకుంటుందో, ముక్కలు కరిగినప్పుడూ అవే పాళ్లలో రెండూ విడుదలవుతాయి: ఒక డీకేహెచ్ అల్కలినిటీకి సుమారు 7 పీపీఎం (పది లక్షల్లో 7 వంతులు) కాల్షియం. పగడపు అస్థిపంజరంలో ఉండే స్ట్రాన్షియం కూడా కొంత తిరిగి నీటిలో చేరుతుంది.

ఈ పాళ్ల విషయం మనసులో పెట్టుకుంటే ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. రియాక్టర్ ఉన్న సమతూకాన్ని నిలబెడుతుందే తప్ప, తప్పిన సమతూకాన్ని సరిచేయదు. ట్యాంకులో కాల్షియం 340 పీపీఎం, అల్కలినిటీ 9 డీకేహెచ్ ఉన్నప్పుడు, కాల్షియం పెరగాలని రియాక్టర్‌ను వేగంగా నడిపితే, కాల్షియం 400కు చేరేసరికి అల్కలినిటీ 17 దాటిపోయే లెక్క అవుతుంది. అంతదాకా వెళ్లకముందే పగడాలు తెల్లబడతాయి.

మొదటి అడుగు: ముందు ట్యాంకును సరిచేయండి

కాబట్టి రియాక్టర్‌ను కలపకముందే అల్కలినిటీని 7–9 డీకేహెచ్, కాల్షియాన్ని 400–450 పీపీఎం, మెగ్నీషియాన్ని 1250–1350 పీపీఎం మధ్యకు విడివిడి లవణాలతో తీసుకురండి. అల్కలినిటీని రోజుకు ఒక డీకేహెచ్ కంటే ఎక్కువగా పెంచకండి. అరతో సరిపెట్టుకుంటే ఇంకా మంచిది. మెగ్నీషియం తక్కువైతే కాల్షియం కార్బొనేట్ పంపుల మీద, హీటరు మీద సుద్దలా పేరుకుపోతుంది, అప్పుడు రియాక్టర్ ఎంత ఇచ్చినా లెక్క తేలదు. లవణత 35 పీపీటీ (వెయ్యింట 35 వంతులు) దగ్గర ఉందో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే లవణత తప్పితే పై అంకెలన్నీ దానితోపాటే తప్పుతాయి.

రెండో అడుగు: రోజువారీ వాడకాన్ని కొలవండి

చాలామంది దాటవేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ద్రావణాలన్నీ ఆపి, రెండు రోజులపాటు ఒకే వేళకు, ఒకే పరీక్ష కిట్‌తో అల్కలినిటీ కొలవండి. ఉదయం దీపాలు వెలగకముందు ఒకరోజు, సాయంత్రం మరోరోజు కొలిస్తే వచ్చే తేడాలో వాడకమెంతో, వేళ మార్పు ఎంతో తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాళ్లు, ఇసుక పోగా మిగిలిన అసలు నీరు 400 లీటర్లు. అల్కలినిటీ మొదటి ఉదయం 9.0, రెండు రోజుల తరువాత 6.6. అంటే రోజుకు 1.2 డీకేహెచ్ ఖర్చవుతోంది. 400ను 1.2తో గుణిస్తే 480. రోజుకు రియాక్టర్ అందించవలసిన మొత్తం ఇదే. ఎఫ్లుయెంట్ 32 డీకేహెచ్‌తో వస్తోందనీ, ట్యాంకును 8 దగ్గర నిలపాలనీ అనుకుంటే, ఒక్కో లీటరు అదనంగా మోసుకొచ్చేది 24. కనుక 480ని 24తో భాగించగా రోజుకు 20 లీటర్లు, అంటే నిమిషానికి సుమారు 14 మిల్లీలీటర్ల ఎఫ్లుయెంట్ కావాలి. ఇదే లెక్కను మరో కొస నుంచి చూస్తే, ఈ ట్యాంకు రోజుకు 8.6 గ్రాముల అరగోనైట్‌ను, అంటే ఏడాదికి మూడు కిలోలకు పైగా తింటుంది. దాన్ని కరిగించడానికి రోజుకు కనీసం 3.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. కొంత గ్యాసు కరగని ముక్కలను దాటుకుని ఎఫ్లుయెంట్‌తో బయటికి పోతుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఏ సైజు రియాక్టర్, ఎంత సిలిండర్ తీసుకోవాలన్నది ఈ అంకెలను బట్టి నిర్ణయించుకోండి, పెట్టె మీద రాసిన ట్యాంకు లీటర్లను బట్టి కాదు. ఒకే కొలత గల రెండు ట్యాంకుల్లో ఒకటి రెండోదానికి నాలుగింతలు వాడుకోవచ్చు.

మూడో అడుగు: మీడియా (అరగోనైట్ ముక్కలు) నింపడం

ముక్కలు మరీ సన్నగా ఉంటే త్వరగా కరుగుతాయి, కానీ ఒకదానికొకటి అతుక్కుని నీటికి దారి లేకుండా చేస్తాయి. చిటికెన వేలి గోరంత ముక్కలు మంచివి. ముందుగా ఆర్‌ఓ నీటిలో తెల్లని పాలనీరు పోయేదాకా కడగండి. ఎనిమిది పది సార్లయినా విసుగుపడకండి, ఎందుకంటే ఆ సున్నపు పొడే తరువాత స్పాంజిలోనూ, ధారను సన్నగా అదుపు చేసే సూదివాల్వులోనూ చేరి ధారను ఆపేస్తుంది. మెగ్నీషియం మెల్లగా తగ్గుతున్న ట్యాంకైతే మొత్తంలో 5–10 శాతం డోలమైట్ మీడియా కలపవచ్చు, అయితే అది అరగోనైట్ కంటే నిదానంగా కరుగుతుంది కనుక దానిమీదే పూర్తిగా ఆధారపడకండి. సహజ పగడపు ముక్కల్లో ఫాస్ఫేట్ దాగి ఉండవచ్చు. నడక మొదలైన వారానికి ఎఫ్లుయెంట్‌లో ఫాస్ఫేట్ పరీక్షించి చూడండి.

గొట్టాన్ని కంఠం దాకా నింపకుండా, పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. మూత బిగించే ముందు ఓ-రింగును శుభ్రంగా తుడిచి సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. అక్కడ చిక్కుకున్న ఒక్క ఇసుక రేణువు రాత్రంతా చుక్కచుక్కగా కారి పొద్దుటికి నేల మీద ఉప్పునీటి మడుగు కట్టిస్తుంది.

నాలుగో అడుగు: గ్యాసు వైపు అమరిక

సిలిండర్‌ను ఎప్పుడూ నిలువుగా, పడిపోకుండా పట్టీతో కట్టి ఉంచండి. అడ్డంగా పడుకోబెడితే ద్రవరూపంలో ఉన్న గ్యాసు నేరుగా రెగ్యులేటర్‌లోకి వచ్చి దాన్ని పాడుచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువైనది, మూసిన చిన్న గదిలో పేరుకుంటే ప్రాణాపాయం కూడా. సిలిండర్ ఉన్నచోట గాలి ఆడేలా చూసుకోండి. అన్ని కీళ్ల మీదా సబ్బునీరు పూసి బుడగలు లేస్తున్నాయేమో చూడటం రెండు నిమిషాల పని, దాన్ని మానుకోకండి.

పెద్ద గేజు చూసి సిలిండర్‌లో ఎంత మిగిలిందో చెప్పలేం. లోపల కొంచెం ద్రవం ఉన్నంతవరకు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గేజు సుమారు 57 బార్లే చూపిస్తుంది, వేడి గదిలో ఇంకా పైకి లేస్తుంది, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. మిగిలినదెంతో తెలియాలంటే సిలిండర్‌ను తూచడమే మార్గం. ఈ చివరి దశలోనే, ఒత్తిడిని ఒకే విడతలో తగ్గించే సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్ మోసం చేస్తుంది: సిలిండర్ ఒత్తిడి పడిపోతున్నప్పుడు బయటి ఒత్తిడి పెరిగి, మిగిలిన గ్యాసంతా రియాక్టర్‌లోకి దూకవచ్చు. డబుల్ స్టేజ్ రెగ్యులేటర్‌లో ఈ బెడద ఉండదు. ఒక చోట డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, రెగ్యులేటర్ దగ్గర వద్దు.

రెగ్యులేటర్ తరువాత సోలనాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసే వాల్వు), సూదివాల్వు, బుడగల లెక్కకు బబుల్ కౌంటర్, నీరు వెనక్కి రాకుండా చెక్ వాల్వు ఈ వరసలో ఉండాలి. సోలనాయిడ్ కరెంటు పోయినప్పుడు మూసుకునే రకం కావాలి. లేకపోతే కరెంటు లేని సమయంలో పంపు ఆగిపోయినా గ్యాసు మాత్రం లోపలికి చేరుతూనే ఉంటుంది. గ్యాసు గొట్టానికి మామూలు సిలికాన్ ట్యూబు వాడకండి; దాని గోడల గుండానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పాలీయూరిథేన్ ట్యూబు తీసుకోండి.

అయిదో అడుగు: నీటిధార

నీటిని ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పంపు నుంచి చీల్చిన గొట్టానికి సూదివాల్వు బిగించి ధారను చుక్కల్లోకి తెచ్చే పద్ధతి చవక, కానీ అంత సన్నని సందులో చిన్న నత్తగుల్లో, సున్నపు పెళుకో చిక్కుకుంటే ధార సగానికి పడిపోతుంది. ధార పడిపోయినా గ్యాసు అలాగే వస్తుంటే లోపలి పీహెచ్ దిగజారుతుంది. నిరంతరం తిరగగల పెరిస్టాల్టిక్ పంపు (మెత్తని ట్యూబును నొక్కుతూ నీటిని నెట్టే పంపు) ఉంటే ఈ గొడవ తొంభై పాళ్లు తీరిపోతుంది. దాన్ని లోపలికి వెళ్లే వైపు పెడితే శుభ్రమైన నీరే తగులుతుంది కాబట్టి ట్యూబు ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే బయటి గొట్టం ఎక్కడా మూసుకుపోకుండా చూడాలి, మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మూత దగ్గర కారుతుంది.

పంపు తెర మీద చూపే అంకెను నమ్మకండి. కొలపాత్రలో రెండు నిమిషాలపాటు ఎఫ్లుయెంట్ పట్టి, వచ్చినదాన్ని రెండుతో భాగించండి. పై ఉదాహరణలో పాత్రలో 28 మిల్లీలీటర్లు చేరాలి. పంపులోని ట్యూబు నలిగి సాగిపోయే కొద్దీ ఈ అంకె నెమ్మదిగా 26కు, 24కు జారుతుంది; అల్కలినిటీ ఎందుకు తగ్గుతోందో అర్థంకాక తల పట్టుకున్న రోజున మొదట చూడవలసింది ఇదే.

ఆరో అడుగు: మొదలుపెట్టడం

గ్యాసు తెరవకుండా, రియాక్టర్ లోపలి నీటిని ముక్కల గుండా తిప్పే తిప్పుడు పంపును, నీటిధారను ఒక పూట నడిపి చిక్కుకున్న గాలి అంతా బయటికి పంపండి. పీహెచ్ ప్రోబ్‌ను 7, 4 బఫర్ ద్రావణాలతో సరిచూడండి. ట్యాంకు ప్రోబ్‌కు వాడే 7, 10 జత ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మనం కొలవబోయేది 7కు దిగువన. రెగ్యులేటర్ బయటి ఒత్తిడిని సుమారు 1 బార్ దగ్గర పెట్టి, నిమిషానికి 15 బుడగలతో ప్రారంభించండి. పీహెచ్‌ను బట్టి సోలనాయిడ్‌ను మూసి తెరిచే కంట్రోలర్‌ను 6.7 దగ్గర గ్యాసు ఆగేలా అమర్చి ఒక రోజంతా వదిలేయండి.

మర్నాడు ఎఫ్లుయెంట్ అల్కలినిటీ కొలవండి. అది కిట్ పరిధిని దాటుతుంది కనుక, 5 మిల్లీలీటర్ల ఎఫ్లుయెంట్‌కు 15 మిల్లీలీటర్ల ఆర్‌ఓ నీరు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. 32 రావాలనుకున్నచోట 24 వస్తే పీహెచ్ అమరికను 0.05 తగ్గించి, మళ్లీ ఒక రోజు ఆగండి. మామూలు అరగోనైట్‌తో 6.5–6.7 మధ్య పని జరిగిపోతుంది. 6.3 కిందికి వెళితే ముక్కలు అంచులు కరిగి గుజ్జుగా మారి అడుగున అట్టకడతాయి. అట్టకట్టిన ముక్కలను చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది: మంచి ముక్క వేళ్ల మధ్య గరగరలాడుతుంది, చెడింది తడిసిన సుద్దలా నలిగి వేలికి అంటుకుంటుంది.

కంట్రోలర్‌ను కాపలాదారుగానే చూడండి. బుడగల వేగాన్ని జాగ్రత్తగా పెట్టి ఉంటే సోలనాయిడ్ రోజులో ఎక్కువ భాగం తెరిచే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి మూసుకుంటుంది. నిమిషానికోసారి టక్కు టక్కుమంటూ మూసి తెరుస్తుంటే బుడగలు ఎక్కువయ్యాయని అర్థం. పీహెచ్ అనుకున్న చోటికి ఎన్నడూ దిగకపోతే తక్కువయ్యాయని అర్థం. ప్రోబ్ కాలక్రమేణా తప్పు చూపుతుంది, అది ఉన్నదానికన్నా ఎక్కువ పీహెచ్ చూపిస్తే కంట్రోలర్ గ్యాసు ఆపదు, కనుక నెలకోసారి బఫర్ పరీక్ష తప్పనిసరి.

ఏడో అడుగు: ఒకే మీట

ఇప్పుడు పీహెచ్ అమరికను వదిలేయండి. ఇక నుంచి ట్యాంకు అల్కలినిటీని బట్టి నీటిధారను మాత్రమే మార్చాలి, అదీ పదింట ఒక వంతు చొప్పున. మన ఉదాహరణలో ధారను 14 నుంచి 15.4 మిల్లీలీటర్లకు పెంచితే ట్యాంకుకు రోజుకు 0.12 డీకేహెచ్ మాత్రమే అదనంగా చేరుతుంది. అంటే పెంచిన మర్నాడు కిట్‌లో ఏ తేడా కనిపించదు. కనిపించలేదని మళ్లీ పెంచడమే అందరూ చేసే తప్పు. మూడు నాలుగు రోజులు ఒకే వేళకు కొలిచి, అంకెల పోకడ చూసి అప్పుడు తిప్పండి. ధార పెరిగినప్పుడు అదే పీహెచ్‌ను నిలపడానికి ఎక్కువ గ్యాసు కావాలి. సోలనాయిడ్ ఆగకుండా తెరిచే ఉండిపోతే బుడగలను కూడా రెండు మూడు పెంచండి. ఇది రెండో మీట తిప్పడం కిందికి రాదు, పీహెచ్‌ను ఉన్నచోట ఉంచడమే.

ఈ ఓపిక నాకు మొదట్లో లేదు. ఒక శనివారం అల్కలినిటీ 7.1కి తగ్గిందని ధారను ఒకటిన్నర రెట్లు చేసి, అదే చేత్తో పీహెచ్‌ను 6.4కు దించాను. ఆదివారం కొలవలేదు, సోమవారం రాత్రి చూస్తే 10.8. మూడు రోజుల్లో అక్రోపోరా కొమ్మల చివరలు కాలినట్టు తెల్లబడి, చర్మం ఊడి, కింద ఎముక బయటపడింది. ఆ కొమ్మల మీద చర్మం మళ్లీ పాకడానికి మూడు నెలలు పట్టింది.

ట్యాంకు పీహెచ్ పడిపోతే

ఎఫ్లుయెంట్ ఎప్పుడూ కొంత మిగులు కార్బన్ డయాక్సైడ్‌ను మోసుకొస్తుంది, అందువల్ల రియాక్టర్ ఉన్న ట్యాంకుల పీహెచ్ కొంచెం తక్కువగానే ఉంటుంది, తెల్లవారుజామున 7.8 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఇంకా దిగితే మొదట చేయవలసింది రెండో గొట్టం కలపడం. గ్యాసు ఇవ్వకుండా, మీడియా మాత్రమే నింపిన ఆ గొట్టం గుండా ఎఫ్లుయెంట్ వెళితే, మిగులు గ్యాసు మరికొంత అరగోనైట్‌ను కరిగించి అక్కడే ఖర్చయిపోతుంది. వృథాగా పోయే గ్యాసు అల్కలినిటీగా మారుతుంది కనుక పొదుపు దృష్టితో చూసినా ఇంతకు మించిన మార్పు లేదు.

ఎఫ్లుయెంట్‌ను సంపులో (ట్యాంకు కింది తొట్టిలో) ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో మలినాలను తీసే పరికరం) నీరు పీల్చుకునే చోట చుక్కలుగా పడనివ్వండి, అక్కడి గాలి బుడగలు కొంత గ్యాసును వెళ్లగొడతాయి. హీటరు పక్కన, రిటర్న్ పంపు ముఖాన పడనివ్వకండి, పొరలు కడుతుంది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీయడం కూడా మేలు చేస్తుంది, ఎందుకంటే మనుషులు నిద్రపోతున్న మూసిన గదిలో గాలిలోనే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆవిరైన నీటికి బదులు పోసే నీటిలో సున్నపుతేట కలిపి రాత్రిళ్లు మెల్లగా చేరేలా చేస్తే అది మిగులు గ్యాసును పట్టుకుని పీహెచ్‌ను నిలబెడుతుంది. అయితే అదీ కాల్షియాన్ని, అల్కలినిటీని ఇస్తుంది కాబట్టి రియాక్టర్ ధారను ఆ మేరకు తగ్గించాలి.

అప్పుడప్పుడు తలెత్తే ఇబ్బందులు

గొట్టం పైభాగంలో గ్యాసు పేరుకుని లోపలి పంపు గురగుర శబ్దం చేస్తుంటే, కరగగలిగినదానికన్నా ఎక్కువ గ్యాసు వస్తోందన్నమాట. పై వాల్వు తెరిచి గ్యాసు వదిలి, బుడగలు తగ్గించండి.

కరెంటు లేక రియాక్టర్ చాలా గంటలు ఆగిపోతే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోయి కుళ్లిన గుడ్డు వాసన పట్టవచ్చు. అలాంటి నీటిని ట్యాంకులోకి వెళ్లనివ్వకుండా బకెట్‌లోకి పారబోసి, కొత్త నీటితో నింపి మొదలుపెట్టండి.

పీహెచ్ అలాగే ఉండి ఎఫ్లుయెంట్ అల్కలినిటీ వారం వారం తగ్గుతుంటే, మీడియా తరిగిపోయిందో, అట్టకట్టి నీరు ఒకే దారి వెంట పోతోందో అయి ఉంటుంది. మూడో వంతు కరిగినప్పుడే మళ్లీ నింపడం మంచిది. పాత ముక్కలను బయటికి తీసి, అడుగున చేరిన గుజ్జును పారేసి, గట్టిగా మిగిలినవాటిని కడిగి కొత్తవాటి పైన వేయండి. తిప్పుడు పంపు రోటరును సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో అరగంట నానబెడితే సున్నపు పెచ్చులన్నీ రాలిపోతాయి. ఓ-రింగు పగిలిందేమో చూసి, పెరిస్టాల్టిక్ ట్యూబు కూడా అదే రోజు మార్చేయండి.

కొత్త మీడియా వేసిన రోజు ఎఫ్లుయెంట్ మునుపటికన్నా బలంగా వస్తుంది. కొత్త ట్యూబుతో ధార కూడా పెరిగి ఉంటుంది. అందుచేత కొలపాత్రతో ధారను పాత అంకెకు తగ్గించి, ఆపైన మరో పదింట ఒక వంతు కోసి, ఎఫ్లుయెంట్ అల్కలినిటీని ఆ వారమంతా రోజూ కొలవండి.